నల్లరాతి మీద హిమజ లెక్క

ఆళ్ళగడ్డ,
సెప్టెంబరు 4

నా బంగారుతల్లి హిమజకు,

నీకు బహుమతి వచ్చిందమ్మా, పేపర్లో పడింది, ఫోటోతో సహా పడింది.

నీ సంగతి నీకే చెప్తాండానని నవ్వుకోవాకు. నువ్వు చెప్పకపోతే ఎవురో ఒకరు చెప్పాల కదా. పొద్దున బస్టాండు కాడ టీ తాగుతాంటే అంగడాయప్ప పేపరు నా ముందర పరిచి, ఈ పాప మీ పాపేనా శేషన్నా అని అడిగినాడు. చూస్తే నువ్వే. "మాత్రికల గణితంలో నంద్యాల అధ్యాపకురాలికి జాతీయ పురస్కారం" అని ఇంత లావు అక్షరాలు. చేతిలో టీ గ్లాసు యాడ పెట్టినానో ఇప్పటికీ తెలీదు. నలభై ఏండ్లు శిలాఫలకాల మింద మంత్రుల పేర్లు, ఎమ్మెల్యేల పేర్లు చెక్కినా గానీ మనింటి పేరు అంత లావున ఎప్పుడూ చూడలా. ఆ పేపరు నాలుగు కాపీలు కొని ఒకటి పక్క టేబుల్లో కూర్చున్న తెలీని మనిషికి ఇచ్చేసినా.

సంతోషంతో పాటు కోపం గూడా వచ్చింది, దాపెట్టుకోను. ఊరంతా చదివినాక తండ్రికి తెలిసేది యాడి న్యాయం? పాలిష్ మిషన్ మోతకు నా చెవులు పొయినాయి, ఫోన్లో మాట వినపడదు, నిజమే. మీ అమ్మకు నువ్వు ఫోన్లో చెప్పేది సగం, ఆమె నాకు చెప్పేది పావు. అందుకే కదా నువ్వు హాస్టల్లో ఉన్నప్పట్నుంచి మనం జాబులు రాసుకునేది. ఒక కార్డు ముక్క రాసేదానికి చెయ్యి రాలేదా?

సరే, పోనీ. అసలు కోపం మీ కాలేజీవాళ్ళ మింద. ఏండ్ల తరబడి ఆ లెక్క పట్టుకోని కూర్చుంటివి. వాళ్ళు నీకు ఏం చేసినారు? పరీక్షల డ్యూటీ నీకే. ఎలక్షన్ డ్యూటీ నీకే. వార్షికోత్సవానికి ముగ్గులేయించే పని గూడా నీకే. ఆ ప్రిన్సిపాల్ కరుణాకర్ సారు, ఈ మాత్రికలు ఎవురి కడుపు నింపుతాయమ్మా అని అందరి ముందర అన్నాడని నువ్వే రాస్తివి. ఇప్పుడు పేపర్లో ఆయప్ప మాట చూడు. "మా కళాశాల ప్రోత్సాహమే ఈ విజయానికి కారణం" అంట. ప్రోత్సాహమంట. నువ్వు సెలవుల్లో సొంత దుడ్లతో హైదరాబాదు పోయి లైబ్రరీల్లో కూర్చుంటే, ఆ నెల జీతం కోసినాడే, అదేనా ప్రోత్సాహం?

ఈసారి ప్రొఫెసర్ పదవి నీకే ఖాయమని గూడా రాసినారు. ఇవ్వకుండా ఎట్ల పోతాడో చూస్తా. నేనొక పని మొదలుపెట్టినా. ఏందని మాత్రం అడగాకు.

మీ నాయన
శేషయ్య


నంద్యాల,
సెప్టెంబరు 11

నాయనా,

నీ జాబు క్లాసుకూ క్లాసుకూ మధ్య చదివాను. ముందే చెప్పనందుకు నీకు కోపం రావడం సరైనదే. కాదనను.

ఫ్లెక్సీ వేయించే ఆలోచన అయితే మానుకో. అంత పెద్ద సంగతేమీ కాదు నేను చేసింది. ఏం చేశానో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు కదా, ఇప్పుడు చెప్తాను. వంతెన ఎంత బరువు మోస్తుందో చూడాలన్నా, తుపాను ఎటు పోతుందో చెప్పాలన్నా కంప్యూటరు వేలకొద్దీ లెక్కలు ఒకేసారి తేల్చాలి. ఆ అంకెలను అడ్డవరసలు, నిలువువరసలుగా పేరుస్తారు. అదే మాత్రిక. కంప్యూటరు ప్రతి అంకెనూ ఎక్కడో ఒకచోట కత్తిరించుకుంటుంది, లేకపోతే దానికి చోటు చాలదు. ఆ కత్తిరింపులన్నీ కలిసి చివరి జవాబును ఎంత పాడుచేస్తాయి? ఇంతకు మించి పాడుకావు అని నేనొక హద్దు రుజువు చేశాను. బహుమతి ఆ హద్దుకే. దాన్ని నమ్ముకుని ఎవరైనా ఇంజినీరు తన పని ముందుకు తీసుకుపోవచ్చు.

కొన్నాళ్ళు ఎవరికీ చెప్పొద్దు నాయనా. ఒక పని మిగిలి ఉంది. అది తేలాక నేనే రాస్తాను. అమ్మ మోకాలికి ఆ నూనె రాస్తోందా?

హిమజ


ఆళ్ళగడ్డ,
సెప్టెంబరు 20

హిమజా,

ఎవురికీ చెప్పొద్దంటే ఎట్లమ్మా? ఇది దొంగసొమ్మా, దాపెట్టేదానికి? నీ జాబు వచ్చేటప్పటికే వెలుగోడు కృష్ణమ్మత్తకు చెప్పేసినా. ఆమెకు చెప్తే మైకు పెట్టి చెప్పినట్లే. నువ్వు ఇట్ల అణిగి అణిగి ఉండబట్టే వాళ్ళు నీ నెత్తికెక్కినారు. గమ్మునుండేవాళ్ళను చూస్తే లోకానికి అలుసు.

ఇంక దాచి లాభం లేదు, నేను చేసిన పని చెప్తా విను. నీ లెక్కను నల్లరాతి మింద చెక్కినా.

రిటైరయి ఉలి పక్కన పెట్టినోణ్ణి మళ్ళా పట్టుకున్నా. నువ్వు పోయినసారి ఇంట్లో మరిచిపోయిన కాగితాలు ఉండాయి కదా, అవి ఎత్తుకోని హైస్కూలు లెక్కల టీచరు లూదియమ్మ కాడికి పోయినా. దీంట్లో మా పాప గొప్పతనం ఏ వరసలో ఉందో చూపించు తల్లీ అన్నా. ఆమె శానాసేపు చదివి, ఒక వరస కింద పెన్సిలు గీత గీసి, దాన్ని పెద్దగా చార్టు మింద రాసిచ్చింది. రెండు నిలువుగీతలు, నడుమ ఒక అక్షరం, మళ్ళా రెండు నిలువుగీతలు. ఆ గీతలేందని అడిగితే కొలిచేదానికంట. దేన్ని కొలిచేదానికని అడగలా, నాకు తెలిసేది లేదులే. కొక్కెం మాదిరి ఒక అక్షరం ఉండాది చూడు, అది చెక్కేటప్పుడు మూడుసార్లు చెడగొట్టబోయి ఆపుకున్నా. పైన లెక్క, కింద నీ పేరు. అంతే. మంత్రి లేడు, ఎమ్మెల్యే లేడు, గౌరవ అతిథి లేడు. నా జన్మలో అట్లాంటి రాయి చెక్కలా.

పేపరాయప్ప వచ్చి ఫోటో తీసుకోని పొయినాడు. అది చూసి కరుణాకర్ సారు మీ అమ్మకు ఫోను చేసినాడంట. వచ్చే నెల కాలేజీకి ఢిల్లీ నుంచి తనిఖీవాళ్ళు వస్తాండారంట, వాళ్ళు వచ్చేలోపల ఈ రాయిని కాలేజీ గేటు కాడ నిలబెడతారంట. కడుపు నింపని మాత్రికలు ఇప్పుడు గేటు కాడ కావాల్నంట. నాకు ఒళ్ళు మండింది గానీ, నీ పేరు ఆడ నిలబడితే రోజూ ఆయప్పే దాని ముందర నడిచి పోవాల కదా అని సరే అనమన్నా.

మీ నాయన


నంద్యాల,
సెప్టెంబరు 27

నాయనా,

ఆ రాయి ఎవరికీ ఇవ్వొద్దు. దాని మీద ఉన్నది తప్పు.

అచ్చుతప్పు కాదు. లూదియా టీచరు తప్పు కాదు, నీ చేతి తప్పు అంతకన్నా కాదు. నా లెక్కే తప్పు. బహుమతి కబురు వచ్చిన వారంలోనే నాకు అనుమానం వచ్చింది. క్లాసులో పిల్లలకు చూపించడానికి నాలుగు వరసల చిన్న మాత్రిక ఒకటి వేసుకున్నాను. కంప్యూటరు ఇచ్చిన జవాబులో తేడా నేను గీసిన హద్దు దాటిపోయింది. ముందు కంప్యూటరును తిట్టుకున్నాను. తర్వాత కాగితం మీద చేత్తో చేశాను. అయినా దాటింది. రుజువును మొదటి నుంచి తవ్వుకుంటూ వస్తే ఒకచోట దొరికింది. మూల నుంచి మూలకు గీత గీస్తే రెండు పక్కలా అద్దంలో చూసినట్లు ఒకేలా ఉండే మాత్రికలు కొన్ని ఉంటాయి. వాటికి మాత్రమే నిజమైన మాటను నేను అన్నిటికీ వాడేశాను. నా వ్యాసం అచ్చువేసిన గణిత పత్రిక వాళ్ళు పంపిన పరిశీలకులూ చూడలేదు, బహుమతి ఇచ్చిన సంఘమూ చూడలేదు. నేను చూశాను.

పత్రికకు రాసి ఆ వ్యాసం వెనక్కు తీసుకుంటాను. సంఘానికీ రాస్తాను, బహుమతి వద్దని. ప్రొఫెసర్ పదవి దాని మీదే ఆధారపడింది కాబట్టి అదీ పోతుంది. ఇవన్నీ నేను ఆలోచించుకుంటూ ఉంటే నువ్వు పోయి రాతి మీద చెక్కి, పేపర్లో వేయించి, కరుణాకర్ గారికి మాట ఇచ్చావు. ఆగమని రాశాను కదా నాయనా. ఒక్క వారం ఆగితే నీకేం పోయేది? నా లెక్క, నా పేరు, నన్ను ఒక్క మాట అడగాలనిపించలేదా?

హిమజ


ఆళ్ళగడ్డ,
అక్టోబరు 1

హిమజా,

నీ జాబు రెండుసార్లు చదివి మీ అమ్మతో మూడోసారి చదివించుకున్నా, నా కండ్లు గూడా చెవుల మాదిరి పొయినాయేమోనని.

నిన్ను ఎవురు అడిగినారు? తప్పుందని ఎవురన్నా వేలెత్తి చూపించినారా? పెద్ద పెద్ద సదువులు సదివినోళ్ళు చూసి బాగుందన్నారు, బహుమతి ఇచ్చినారు. ఆ లెక్క చదివినోళ్ళు ఈ దేశంలో ఎంతమంది? ఎవురికి తెలుస్తాదని నువ్వు పోయి టముకు కొట్టుకుంటాండావు? నోట్లోకి వచ్చిన ముద్ద ఉమ్మేసేవాళ్ళను ఇప్పుడే చూస్తాండా.

తప్పు తప్పంటావు. నేను చెక్కిన రాళ్ళ సంగతి చెప్తా విను. కాలువ అని చెక్కినా, తట్టెడు మన్ను ఎత్తలా. ఆస్పత్రి అని చెక్కినా, ఆడ ఇప్పుడు ఎనుములు కట్టేస్తాండారు. వంక మింద వంతెన అని చెక్కినా, వాన వస్తే ఈపొద్దుకీ జనం పంచెలు ఎగ్గట్టి దాటుతాండారు. ఆ రాళ్ళ మింద పేర్లున్నోళ్ళలో ఒక్కడన్నా వచ్చి, శేషయ్యా, నా మాట నిలబడలా, ఆ రాయి చెరిపేయప్పా అన్నాడా? వాళ్ళందరూ కాలరెత్తుకోని తిరుగుతాండారు. నా బిడ్డ మాత్రం పిసరంత తప్పుకు తల దించుకోవాల్నంట. ఈ నీతులన్నీ మనలాంటోళ్ళకేనా రాసిపెట్టింది?

నేను దోవ చెప్తా. రాతి అడుగున రొంత చోటుంది. "ఈ రకం మాత్రికలకు మాత్రమే" అని ఒక వరస చెక్కి పడేస్తా. లెక్క నిజమయితాది, రాయి నిలబడతాది, పదవి నిలబడతాది. సరేనని ఒక్క మాట రాయి.

ఊర్లో తలెత్తుకోని తిరిగేది నెలరోజులు గూడా కాలా. ఆ సంతోషం నాకు ఉంచకూడదా?

మీ నాయన


నంద్యాల,
అక్టోబరు 6

నాయనా,

ఉత్తరాలు పంపేశాను. పత్రికకూ, సంఘానికీ.

నువ్వు చెప్పిన వరస చెక్కినా ఉపయోగం లేదు. ఆ రకం మాత్రికలకు ఆ హద్దు నేను పుట్టకముందే వేరేవాళ్ళు రుజువు చేశారు. ఆ వరస చేరిస్తే రాతి మీద నాది ఏమీ మిగలదు, పేరు తప్ప.

కరుణాకర్ గారు పిలిపించారు. తనిఖీ అయ్యేదాకా ఆగమన్నారు. కుదరదన్నాను. అయితే పదవి వేరేవాళ్ళకు పోతుందన్నారు. పోనివ్వండి అన్నాను. గది బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆయన పైనుంచి చూసి లోపలికి వెళ్ళిపోయారు. ఇన్నేళ్ళ పని నాయనా. నాకు బాధ లేదనుకుంటున్నావా?

ఎవరికి తెలుస్తుందని అడిగావు. ఎవరో ఒక ఇంజినీరు నా హద్దును నమ్మి వంతెన లెక్క వేస్తే, ఆ వంతెన లేవకపోవడం కాదు, లేచి నిలబడి ఆ తర్వాత కూలుతుంది. నువ్వు చెప్పిన ఆ కాలువ రాయి, ఆస్పత్రి రాయి, వాటి వరసలో నా రాయి కూడా నిలబెట్టాలనుకుంటే అది నీ ఇష్టం. నేను మాత్రం వచ్చి చూడను.

దసరా సెలవులకు రావడం లేదు.

హిమజ


ఆళ్ళగడ్డ,
అక్టోబరు 14

హిమజా, తల్లీ,

రాయి ఇప్పుడు నున్నగా ఉండాది. దాని మింద ఏమీ లేదు.

జరిగింది జరిగినట్లు రాస్తా, అడ్డం రావాకు. నీ మింద కోపంతో పండగ మూడు దినాలు నేను గడప దాటలా. పండగ మరుసటి దినం మధ్యాహ్నం ఇంటి ముందర టెంపో ఆగింది. కరుణాకర్ సారు దిగినాడు. తెల్లచొక్కా, చేతిలో శాలువా, ఆపిల్ పండ్లు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పినాడు. మీ అమ్మను ఫోటో తీయమన్నాడు. మీ అమ్మ నాకు ఫోటో తీసేది రాదనింది. ఆమెకు బాగా వచ్చు, నీకు తెలుసు.

రాయి ఎత్తుకుపోయేదానికి వచ్చినాడంట. తప్పు సంగతి ఆయప్పకు తెలుసు కదా, అయినా వచ్చినాడు. తనిఖీవాళ్ళు లెక్క చదవరంట, రాయి చూస్తారంట. నువ్వు మళ్ళా సంఘానికి మెయిలు పెట్టాల్నంట, ఇంకోసారి సరిచూసుకుంటాండాను, అంతదాకా ఏమీ చేయొద్దండని. ఆ సంగతి నీకు నచ్చజెప్పేది నా పనంట. నాకు వినపడదని ఆయప్ప చెవి కాడికి వంగి గట్టిగా అరిచి చెప్పినాడు.

"పెద్దవారు మీరు చెప్తే వింటుంది శేషయ్య గారూ. అసలు ఆ లెక్క చదివినోళ్ళు ఈ దేశంలో ఎంతమంది? ఎవరికి తెలుస్తుంది?"

నేను నీకు రాసిన మాటే అది. అక్షరం మారలా. నేను రాసినప్పుడు బిడ్డ మింద పేమ అనుకున్నా. ఆయప్ప అంటే నా బిడ్డను తిట్టినట్లు ఉన్నింది. ఈయప్పకు నువ్వు ఎవురమ్మా? నీ జీతం కోసినోడు. నువ్వు మెట్ల మింద కూర్చుండిపోతే పైనుంచి చూసి గూడా లేపని మనిషి. ఆయప్పా నేనూ ఒకే మాట ఎట్ల అంటాము? నాకు ఒళ్ళంతా కారం పూసినట్లయింది.

లేచి రాయి కాడికి పోయినా. టెంపో డ్రైవరు తాళ్ళు తీస్తాండాడు. పాలిష్ మిషన్ వైరు ప్లగ్గులో పెట్టినా.

"సార్, రొంత దుమ్ము లేస్తాది. పక్కకు నిలబడండి," అన్నా.

ఆయప్ప దుమ్ము తుడిచేదానికి అనుకున్నాడు, నవ్వుకుంటా ఆడనే నిలబడినాడు. నీళ్ళు పోయకుండానే మిషన్ ఆనించినా. మొదట ఆ కొక్కెం అక్షరం పోయింది. నిలువుగీతలు శానా లోతు చెక్కినా, అవి బేగా పోలా. వద్దు వద్దని ఆయప్ప చేతులు ఊపుతాండాడు, నోరు తెరిచి ఏందో అరుస్తాండాడు. నాకు వినపడదు కదా. నా జన్మలో చెవులు పోయినందుకు సంతోషపడింది అప్పుడే. నీ పేరు కాడికి వచ్చేటప్పటికి రొంత చెయ్యి ఆగింది, అబద్ధం చెప్పను. మళ్ళా అనుకున్నా, ఆ లెక్క కింద ఈ పేరు ఉండేది నీకు ఇష్టం లేదు కదా అని. అది గూడా తీసేసినా.

మిషన్ ఆపేటప్పటికి తెల్లచొక్కా బూడిదచొక్కా అయింది, ఆపిల్ పండ్లు బూడిదగుమ్మడికాయల మాదిరి ఉండాయి. డ్రైవరు టెంపో వెనక్కి పోయి నవ్వుతాండాడు. మీ అమ్మ శాలువా దులిపి, మడతపెట్టి ఆయప్ప చేతిలో పెట్టింది. ప్రొఫెసర్ పదవి ఇంక మీ పాప మర్చిపోవాల్సిందే అన్నాడంట పోతాపోతా. మా పాప ఎప్పుడో మర్చిపోయింది, మీరే పట్టుకోని తిరుగుతాండారు అనిందంట మీ అమ్మ. ఆ మాట నాకు వినపడలేదే అని ఇప్పటికీ బాధగా ఉండాది.

కోపం ఇంకా తగ్గలా. ఆ బహుమతి సంఘమోళ్ళ మింద ఉండాది, చదవకుండానే ఎట్ల ఇచ్చినారు? ఆ లెక్కల పత్రికవాళ్ళ మింద ఉండాది. నీ పదవి ఇప్పుడు ఎవురికి ఇస్తారో వాళ్ళ మింద గూడా ఉండాది, వాళ్ళెవరో తెలీకపోయినా. పేపరాయప్ప కాడికి పోయి, బహుమతి వచ్చిందని ఇంత లావున వేస్తివి, మా పాప తన తప్పు తానే పట్టుకోని వాపసు ఇచ్చిందని అంతే లావున వెయ్యి అన్నా. అది వార్త కాదు శేషన్నా అన్నాడు. టీ అంగట్లో అందరి ముందర కడిగేసినా.

వాడు వెయ్యకపోతే మనకు నోళ్ళు లేవా? వచ్చిందని ఎంతమందికి చెప్పినామో అంతమందికీ చెప్పాల. గుసగుసగా కాదు, బాగా గట్టిగా. నేను జాబులు మొదలుపెట్టినా, నువ్వు ఫోన్లో చెప్పు. చెప్పాల్సినోళ్ళు వీళ్ళు:

వెలుగోడు కృష్ణమ్మత్త. మొదట ఆమెకే. లేకపోతే పాపను ఉద్యోగంలోంచి తీసేసినారని తానే ఒకటి పుట్టిస్తాది.

పగిడ్యాల హనుమంతు మామ. ఆయప్పకు తొందరపడి చెప్పాకు. బహుమతి వాపసు అనేదాకా విని ఏడుస్తాడు, మిగతాది వినడు. తానే పట్టుకునింది అనే మాట ముందర చెప్పాల.

బనగానపల్లె శ్రీలత, వాళ్ళాయన రవి. రవి ఇంజినీరు కాబట్టి వంతెన సంగతి ఆ పిల్లోనికి అర్థమయితాది.

మీ చెల్లెలు సంధ్య. నాకు చెప్పకుండా నీకు ముందే తెలుసా అని అడుగు. తెలిసుంటే దాని సంగతి వేరే చూస్తా.

లూదియమ్మ. ఆమెకు నేనే పోయి చెప్పినా. పెన్సిలు గీత గీసిన చేత్తోనే నోరు మూసుకునింది. నాలుగు వరసల మాత్రిక ఏందో రాసి పంపమనింది, క్లాసులో చూపిస్తాదంట.

కడాన ఆళ్ళగడ్డ శేషయ్య. తప్పు అని విన్నాడే గానీ అది యాడుందో వానికింకా ఎవురూ కాగితం మింద చూపించలా. రెండు చెవులూ పోయినోడు, దూరం నుంచి చెప్తే పనికాదు. ఆదివారం పొద్దున బస్సుకు వచ్చి, పక్కన కూర్చోని చెప్పాల.